పాత పీఆర్‌లో పాత సీఐ ఫైల్: 43 పీఆర్‌లను ఒడ్డుకు చేర్చిన కేస్ స్టడీ

ముందుగా రెండు మాటలు. పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్, మన బ్రాంచ్‌లో (కోడ్ తాలూకు విడి కాపీలో) రాసినదాన్ని అసలు కోడ్‌లో, అంటే మెయిన్ బ్రాంచ్‌లో, మెర్జ్ చేయమని కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టే విన్నపం. సీఐ అంటే కోడ్ మారినప్పుడల్లా దాన్ని తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే ఏర్పాటు. అందులో ఒక్కో పరీక్ష ఒక చెక్, పాసైతే గ్రీన్, ఫెయిలైతే రెడ్.

2025 జనవరి 31, శుక్రవారం మధ్యాహ్నం. మా టీమ్‌లో చేరి ఆరు నెలలు కూడా కాని ఒక అమ్మాయి నా డెస్క్ దగ్గరికి వచ్చి లాప్‌టాప్ నా వైపు తిప్పింది. "అన్నా, నా పీఆర్‌లో కొత్త చెక్ ఏదో వెయిటింగ్‌లోనే ఉందని రీరన్ కొట్టాను, ఉన్న గ్రీన్ కూడా పోయింది. మూడుసార్లు కొట్టాను. కోడ్‌లో ఒక్క లైను మార్చలేదు. ఏం తప్పు చేశానో తెలియడం లేదు" అంది. ఎర్ర గుర్తు కింద మెసేజ్ చదివితే సగం విషయం అక్కడే తెలిసిపోయింది. టెస్ట్ రిపోర్టుల్లాంటి ఫైళ్లని భద్రపరిచే రెడీమేడ్ స్టెప్, అంటే అప్‌లోడ్ ఆర్టిఫాక్ట్ యాక్షన్, మూడో వెర్షన్‌ని గిట్‌హబ్ ముందు రోజు, అంటే జనవరి 30న, ఆపేసింది. దాన్ని వాడే రన్ ఏదైనా ఆ రోజు నుంచి ఫెయిల్ అవుతుంది. మిగతా సగమే నాకు అంతు పట్టలేదు. ఆ మూడో వెర్షన్‌ని మా మెయిన్ బ్రాంచ్‌లో సంక్రాంతికి ముందే తీసేశాం, తీసింది నేనే. మరి ఈ పీఆర్ ఇంకా దాన్ని ఎందుకు అడుగుతోంది?

"నీ తప్పేం లేదమ్మా, ఇది మేం చేసిన మార్పు వల్ల వచ్చింది, నేను చూస్తాను" అని పంపించాను. చూడటం మొదలుపెట్టాక తెలిసింది, ఇలా ఇరుక్కున్నవి ఒకటి కాదు, ఓపెన్‌లో ఉన్న 43 పీఆర్‌లలో చాలావరకు ఇదే పరిస్థితి అని. కారణాలన్నీ విడదీసి తెలుసుకోవడానికి మూడు వారాలు, సరిచేయడానికి ఏప్రిల్ దాకా పట్టింది. పాత కోడ్ పెండింగ్‌లో ఉన్న ఏ టీమ్‌కైనా ఇదే ఎదురవుతుంది కాబట్టి మేం తప్పటడుగు వేసిన చోట్లతో సహా మొత్తం రాస్తున్నాను.

మా రెపో (కోడ్ అంతా ఉండే చోటు) సంగతి

హైదరాబాద్‌లో ఉన్న మా ఆఫీసులో ఒక సర్వర్ ప్రోడక్ట్ తయారవుతుంది, ఎక్కువ భాగం జావా, కొంత సీ భాషలో రాసిన లైబ్రరీ. కొందరు కస్టమర్లు దీన్ని తమ సొంత సర్వర్లలో పెట్టుకుని నడుపుతారు, అప్‌గ్రేడ్ చేయాలంటే వాళ్లకి ఏడాది పడుతుంది, అందుకని మెయిన్ కాకుండా మూడు రిలీజ్ బ్రాంచ్‌లు ఎప్పుడూ బతికే ఉంటాయి. పీఆర్‌లు పాతబడటానికి బద్ధకం కారణం కాదు. కస్టమర్ ఒప్పుకోవాలని ఆగినవి కొన్ని, వేరే టీమ్ పని పూర్తి కావాలని ఆగినవి కొన్ని, రాసిన మనిషి ప్రాజెక్ట్ మారిపోయి మధ్యలో నిలిచినవి కొన్ని. వాటిలో మంచి పని ఉంది. అందుకే "ఆరు నెలలు దాటినవన్నీ మూసేద్దాం" అని మీటింగ్‌లో ఒకరన్నప్పుడు నేను గట్టిగానే వద్దన్నాను.

సీఐ అంతా గిట్‌హబ్ యాక్షన్స్‌లో, నాలుగు వందల లైన్లకు పైగా ఉన్న ఒకే వర్క్‌ఫ్లో ఫైల్, ఏ జాబ్ ఎప్పుడు ఎలా నడవాలో అందులోనే ఉంటుంది. బ్రాంచ్‌కి పుష్ చేసినా (మార్పుల్ని కమిట్‌గా గిట్‌హబ్‌కి పంపినా) నడవాలి, పీఆర్ తెరిచినా నడవాలి అని రెండు ట్రిగ్గర్లూ అందులో రాసి ఉన్నాయి. ఈ రెండింటి తేడా ఎంతుంటుందో అప్పటిదాకా మాలో ఎవరూ ఆలోచించలేదు.

జనవరి 9న నేను చేసిన మార్పు, మూడో వెర్షన్ తీసి నాలుగోది పెట్టడం, చిన్నదే అనిపించింది. కానీ అప్‌లోడ్ ఆర్టిఫాక్ట్ నాలుగో వెర్షన్‌లో ఒక పేరుతో ఒకసారి అప్‌లోడ్ చేశాక అదే పేరుతో ఇంకో జాబ్ అప్‌లోడ్ చేయడానికి కుదరదు. మూడో వెర్షన్‌లో మా మ్యాట్రిక్స్ జాబ్‌లన్నీ (ఒకే పనిని వేర్వేరు సెట్టింగ్‌లతో నడిపేవి) టెస్ట్ రిపోర్టులని ఒకే పేరు కింద పోసేవి. అందుకని ఒక్కో జాబ్‌కి ఒక్కో ఆర్టిఫాక్ట్ పేరు పెట్టాను, ఎలాగూ చేయి పెట్టాం కదా అని "బిల్డ్" అనే జాబ్ పేరుని "బిల్డ్ అండ్ టెస్ట్"గా మార్చాను, మెర్జ్‌కి తప్పనిసరి చెక్‌ల లిస్టులోనూ కొత్త పేరు పెట్టాను. మెయిన్‌లో అన్నీ గ్రీన్. ఓపెన్‌లో ఉన్న పీఆర్‌ల వైపు నేను చూడనేలేదు.

ఏ ఫైల్ నడుస్తుంది అన్నదే అసలు ప్రశ్న

సీఐ ఫైల్ కూడా కోడ్‌లాగే బ్రాంచ్‌లో ఉంటుందని మనందరికీ తెలుసు. దాని పర్యవసానం మాత్రం ఎవరికీ గుర్తుండదు. రెపోలో యాభై బ్రాంచ్‌లుంటే సీఐ ఫైల్ కాపీలు యాభై ఉన్నట్టే, ఒక్కో కాపీ ఆ బ్రాంచ్ విడిపోయిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. శుభలేఖలు పంచేశాక కల్యాణ మండపం మారిందనుకోండి, ఇంట్లో గోడకి కొత్త అడ్రస్ అంటించుకుంటే సరిపోదు కదా, చుట్టాల చేతుల్లో ఉన్న కార్డుల మీద ఇంకా పాత మండపమే ఉంటుంది. మెయిన్‌లో ఫైల్ మార్చి అయిపోయింది అనుకోవడం అలాంటిదే.

అయితే గిట్‌హబ్ యాక్షన్స్‌లో విషయం ఇంకొంచెం మెలికగా ఉంటుంది. పుల్ రిక్వెస్ట్ ఈవెంట్ వల్ల రన్ మొదలైతే నడిచేది మీ బ్రాంచ్‌లో ఉన్న ఫైల్ కాదు. మీ బ్రాంచ్‌ని టార్గెట్ బ్రాంచ్‌తో కలిపి గిట్‌హబ్ ఒక తాత్కాలిక మెర్జ్ కమిట్ చేస్తుంది, ఆ కమిట్‌లో ఉన్న ఫైల్ నడుస్తుంది. కాబట్టి మీరు సీఐ ఫైల్‌ని ముట్టుకోకపోతే, మెయిన్‌లో వచ్చిన మార్పు మీ పీఆర్‌కి దానంతట అదే అందుతుంది. పుష్ ఈవెంట్ వల్ల మొదలైతే అలా కాదు, పుష్ చేసిన కమిట్‌లో ఏ ఫైల్ ఉంటే అదే, ఆ కాపీ ఎంత పాతదైనా సరే. రిలీజ్ బ్రాంచ్ మీదికి తెరిచిన పీఆర్ అయితే ఆ రిలీజ్ బ్రాంచ్‌తో కలుస్తుంది కాబట్టి మెయిన్‌లో చేసిన సవరణ దాని దరిదాపులకి కూడా రాదు. ఇక పీఆర్‌లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే లైన్లని రెండు వైపులా వేర్వేరుగా మార్చి ఉండటం) ఉంటే ఆ తాత్కాలిక కమిట్ తయారు కాదు, అందుకని పుల్ రిక్వెస్ట్ రన్ అసలు మొదలే కాదు. ఎర్రగా కూడా ఉండదు, ఖాళీగా ఉంటుంది. మా 43లో 11 పీఆర్‌లు ఇలా ఖాళీగా ఉన్నవే. వాటి ఓనర్లు సీఐ డౌన్ అయిందేమో అనుకుని ఎదురుచూస్తూ ఉన్నారు.

ఆ అమ్మాయి పీఆర్‌లో జరిగింది ఇదీ. తను చివరిసారి పుష్ చేసింది జనవరి 6న. అప్పటి రన్‌లో "బిల్డ్", కోడ్ రాసిన తీరులో తప్పులు వెతికే "లింట్" రెండూ గ్రీన్. 9న నేను తప్పనిసరి లిస్టులో పేరు మార్చాను. తన పీఆర్‌లో "బిల్డ్ అండ్ టెస్ట్" అనే పేరుతో ఫలితమేదీ లేదు కాబట్టి గిట్‌హబ్ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. సంక్రాంతి సెలవుల తర్వాత రెండు వారాలు వేరే పనిలో ఉండి, తిరిగొచ్చి తను రీరన్ నొక్కింది. రీరన్ అంటే మొదటి రన్ ఏ కమిట్ మీద నడిచిందో అదే కమిట్ మీద మళ్లీ నడవడం, తాజా మెయిన్‌తో మళ్లీ కలపడం ఉండదు. జనవరి 6 నాటి మెర్జ్ కమిట్, అందులో మూడో వెర్షన్, 30 తర్వాత కాబట్టి ఫెయిల్. ముప్పై సార్లు కొట్టినా అదే వస్తుంది. పైగా మొదటి రన్ అయిన 30 రోజుల తర్వాత రీరన్ కూడా కుదరదు.

సరే, ఒక ఖాళీ కమిట్ పుష్ చేయమన్నాను. ఇప్పుడు రెండు రన్‌లు మొదలయ్యాయి. పుల్ రిక్వెస్ట్ రన్ కొత్త ఫైల్‌తో నడిచి "బిల్డ్ అండ్ టెస్ట్" గ్రీన్, "లింట్" గ్రీన్. పుష్ రన్ తన బ్రాంచ్‌లోని పాత ఫైల్‌తో నడిచి "బిల్డ్" రెడ్, "లింట్" రెడ్, ఎందుకంటే లింట్ కూడా తన రిపోర్ట్‌ని మూడో వెర్షన్‌తోనే అప్‌లోడ్ చేస్తుంది. ఒకే కమిట్ మీద "లింట్" అనే ఒకే పేరుతో ఒక గ్రీన్, ఒక రెడ్. మెర్జ్ బటన్ తెరుచుకోలేదు. జాబ్ పేర్లు అన్ని వర్క్‌ఫ్లోలలోనూ వేర్వేరుగా ఉండాలి, లేకపోతే ఫలితం సందిగ్ధంగా మారి మెర్జ్ ఆగిపోవచ్చని గిట్‌హబ్ డాక్యుమెంటేషన్‌లో ఉంది. అది చదివిన గుర్తు నాకుంది. మా ఫైల్ ఒకటే కాబట్టి మాకు వర్తించదనుకున్నాను. ఒకే ఫైల్ తాలూకు రెండు కాలాల కాపీలు ఒకే కమిట్ మీద పక్కపక్కనే నడుస్తాయని తట్టలేదు.

మొదట చేసి వెనక్కి తీసుకున్న పనులు

"అందరూ మీ బ్రాంచ్‌లని మెయిన్ మీద రీబేస్ చేసుకోండి" అని, అంటే తాజా మెయిన్ మీద మీ కమిట్‌లని మళ్లీ పేర్చుకోండి అని, గ్రూప్‌లో మెసేజ్ పెట్టాం. చాలా టీమ్‌లు ఇక్కడితోనే ఆగుతాయి. మాకు దీనివల్ల రెండు నష్టాలు జరిగాయి. కొత్త కమిట్ వస్తే పాత అప్రూవల్ రద్దు కావాలన్న సెట్టింగ్ ఆన్‌లో ఉంది, కాన్‌ఫ్లిక్ట్‌లు సరిచేసి పుష్ చేసిన పీఆర్‌లకి ఉన్న అప్రూవల్స్ పోయాయి, రివ్యూ చేసినవాళ్లు మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది. రెండోది ఇంకా పెద్దది. ఒక పాత పీఆర్‌లో సీఐ ఫైల్‌ని కూడా కొంచెం మార్చి ఉన్నారు. రీబేస్‌లో అక్కడ కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, నాలుగు వందల లైన్ల యామెల్ ఫైల్‌లో ఏది ఉంచాలో తెలియక ఆ మనిషి తన వైపు ఉన్నదంతా ఉంచేశాడు. అంటే జనవరి 9కి ముందున్న ఫైల్ మొత్తం వెనక్కి వచ్చింది. రివ్యూ చేసినవాళ్లు జావా కోడ్ చూశారు, యామెల్‌ని పైపైన చూసి వదిలేశారు. ఆ పీఆర్‌ని తప్పనిసరి చెక్‌లు ఆపాలి కదా అంటారేమో, అది రిలీజ్ బ్రాంచ్ మీదికి వెళ్లిన పీఆర్, అక్కడ లిస్టు ఇంకా పాతదే, ఫెయిల్ అవుతున్న అప్‌లోడ్ స్టెప్‌లని వాళ్లే తీసేసి ఉన్నారు. రిలీజ్ బ్రాంచ్‌లో టెస్ట్ రిపోర్టులు రావడం లేదని మాకు తెలిసేసరికి తొమ్మిది రోజులైంది. ఆ తర్వాతే వర్క్‌ఫ్లో ఫోల్డర్‌కి కోడ్ ఓనర్స్ ఫైల్‌లో ఇద్దరి పేర్లు పెట్టాం. ఆ ఇద్దరిలో ఒకరు చూడకుండా ఆ ఫోల్డర్‌లో ఏదీ మారదు.

తర్వాత బాట్ ఆలోచన. రోజూ రాత్రి ఒక షెడ్యూల్డ్ వర్క్‌ఫ్లో లేచి, కాన్‌ఫ్లిక్ట్ లేని ప్రతి పీఆర్ బ్రాంచ్‌లోకి మెయిన్‌ని మెర్జ్ చేసి పుష్ చేస్తే కాపీలన్నీ తాజాగా ఉంటాయి కదా అనుకున్నాం. మొదటి రాత్రి బాగానే నడిచింది, పొద్దున చూస్తే ముందు రోజుకన్నా ఘోరంగా ఉంది. బాట్ పుష్ చేసిన కమిట్‌ల మీద ఒక్క చెక్ కూడా నడవలేదు. కారణం ఏమిటంటే, వర్క్‌ఫ్లోకి గిట్‌హబ్ తనంతట ఇచ్చే టోకెన్‌తో (తాత్కాలిక తాళంచెవి లాంటిది) పుష్ చేస్తే ఆ పుష్ వల్ల ఇంకో వర్క్‌ఫ్లో మొదలవదు. వర్క్‌ఫ్లోలు ఒకదాన్నొకటి లేపుకుంటూ ఆగకుండా తిరగకూడదని పెట్టిన నియమం అది, మంచి నియమమే. కానీ ముందు రోజు గ్రీన్‌గా ఉన్న పీఆర్‌లు కూడా ఇప్పుడు ఏ ఫలితమూ లేని కొత్త కమిట్ మీద నిలబడ్డాయి. ఆ రోజు పొద్దున్నే నాకొచ్చిన మెసేజ్‌లు లెక్కపెట్టలేదు. టీ కూడా తాగకుండా ఒక్కో పీఆర్‌నీ మూసి మళ్లీ తెరుస్తూ కూర్చున్నాను. మూసి తెరిస్తే పుల్ రిక్వెస్ట్ ఈవెంట్ కొత్తగా వస్తుంది, కొత్త మెర్జ్ కమిట్‌తో కొత్త రన్ మొదలవుతుంది. చిన్న చిట్కా, కమిట్ అక్కర్లేదు, అప్రూవల్ పోదు. ముందే తెలిసుంటే ఆ అమ్మాయితో ఖాళీ కమిట్ చేయించేవాణ్నే కాదు.

గిట్‌హబ్ యాప్ ఒకటి రిజిస్టర్ చేసి దాని టోకెన్‌తో బాట్‌ని నడిపితే చెక్‌లు మొదలయ్యాయి. అయితే ముప్పై బ్రాంచ్‌లు ఒకేసారి లేచి, ఒక్కోదానికి పుష్ రన్ ఒకటి, పుల్ రిక్వెస్ట్ రన్ ఒకటి, క్యూ అంతా నిండిపోయి పొద్దున ఆఫీసుకి వచ్చినవాళ్ల అసలు పని ఆగింది. బాట్‌ని ఆపేశాం. ఎవరూ అడగకుండా ఎవరి బ్రాంచ్‌లోనూ కమిట్ పెట్టకూడదని కూడా అప్పుడే నిర్ణయించుకున్నాం. మనిషి ఇంట్లో లేనప్పుడు వెళ్లి సామాను సర్దినట్టు ఉంటుంది అది, మంచి ఉద్దేశంతో చేసినా సరే. తన లోకల్ కాపీ వెనకబడిపోయి పుష్ రిజెక్ట్ అయిన ప్రతి ఒక్కరికీ అది కొత్త తలనొప్పి. ఇప్పుడు ఆ బాట్ ఉంది కానీ పీఆర్ ఓనర్ తానే ఒక లేబుల్ పెడితే తప్ప ముట్టుకోదు.

ఫోర్క్‌ల (బయటివాళ్లు తమ అకౌంట్‌లో పెట్టుకున్న మా రెపో కాపీల) నుంచి వచ్చిన నాలుగు పీఆర్‌లు ఉన్నాయి, మాతో పనిచేసే ఒక వెండర్ సంస్థ వాళ్లవి. వాళ్ల ఫోర్క్ ఆర్గనైజేషన్ అకౌంట్ కింద ఉంది, అలాంటి ఫోర్క్‌లో మెయింటెయినర్లు మార్పులు చేసే అనుమతి ఇచ్చే వీలు ఉండదు, అందుకని బాట్ అయినా మేమైనా వాటిని ముట్టుకోలేం. "పుల్ రిక్వెస్ట్ టార్గెట్ ఈవెంట్ వాడితే ఎప్పుడూ మన వైపు ఫైలే నడుస్తుంది, సమస్యే ఉండదు" అని ఒక సీనియర్ అన్నారు. మాట నిజమే, కానీ ఆ ఈవెంట్‌కి మన సీక్రెట్లు (పాస్‌వర్డ్‌ల్లాంటివి) అందుబాటులో ఉంటాయి, రాసే హక్కు ఉన్న టోకెన్ వస్తుంది. అక్కడ బయటివాళ్ల కోడ్‌ని చెకవుట్ చేసి బిల్డ్ చేశామంటే ఇంటి తాళాలు తెలియని మనిషికి ఇచ్చినట్టే. ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడలేదు. వెండర్ వాళ్లకి ఫోన్ చేసి చెప్పాం, వాళ్లే మెర్జ్ చేసి పుష్ చేశారు, అరగంట పని.

పేరుని గట్టిగా పట్టుకోవడం

ఫిబ్రవరి రెండో వారానికి నాకు అర్థమైంది, కాపీలన్నింటినీ వెంటపడి మార్చడం అయ్యే పని కాదు. పాత కాపీ పాతగానే ఉండనీ, మెర్జ్ నిర్ణయం మీద దాని ప్రభావం లేకుండా చేయాలి. పాత కాపీకీ రెపో సెట్టింగ్‌కీ మధ్య ఉన్న ఒకే ఒక్క బంధం చెక్ పేరు.

అందుకని "మెర్జ్ గేట్" అనే కొత్త జాబ్ ఒకటి పెట్టాం. తప్పనిసరి లిస్టులో ఉండేది అదొక్కటే. బిల్డ్, లింట్, మిగతావన్నీ ముగిశాక అది లేచి, అందరి ఫలితాలూ చూసి, ఒక్కటి ఫెయిల్ అయినా తానూ ఫెయిల్ అవుతుంది. లోపల జాబ్‌ల పేర్లు ఎన్నిసార్లు మారినా బయటి పేరు మారదు. ఈ పేరు పాత కాపీల్లో దేనిలోనూ లేదు కాబట్టి, పాత పుష్ రన్ ఎంత ఎర్రగా ఉన్నా అది మెర్జ్‌ని అడ్డుకోదు.

ఇందులో ఒక గుంట ఉంది, దాన్ని చూసుకోకపోతే గేట్ లేనట్టే. ముందు జాబ్ ఫెయిల్ అయితే దాని మీద ఆధారపడిన జాబ్ మామూలుగా స్కిప్ అవుతుంది. స్కిప్ అయిన జాబ్‌ని తప్పనిసరి చెక్ లెక్కలో గిట్‌హబ్ పాస్ కిందే చూస్తుంది. అంటే బిల్డ్ ఫెయిల్, గేట్ స్కిప్, మెర్జ్ బటన్ పచ్చగా! గేట్ జాబ్‌కి "ఎప్పుడూ నడవాలి" అనే షరతు పెట్టి, లోపల ఒక్కో ఫలితాన్నీ విడిగా పరీక్షించాలి. మేం టెస్ట్ పీఆర్ ఒకటి తెరిచి అందులో కావాలనే కంపైల్ కాని కోడ్ పెట్టి చూసుకున్నాం, అందుకే మెయిన్‌కి వెళ్లకముందే ఇది దొరికింది. మీరు గేట్ పెడితే ఈ పరీక్ష తప్పకుండా చేయండి. ఇలాంటిదే ఇంకోటి, ఫలానా ఫోల్డర్ మారితేనే వర్క్‌ఫ్లో నడవాలి అని పాత్ ఫిల్టర్ పెడితే, మారనప్పుడు ఆ వర్క్‌ఫ్లో అసలు మొదలవదు, తప్పనిసరి చెక్ పెండింగ్‌లోనే మిగిలిపోతుంది. ఫిల్టర్‌ని వర్క్‌ఫ్లో మీద కాకుండా లోపలి జాబ్ మీద షరతుగా పెడితే ఆ చిక్కు పోతుంది.

పేరు మార్చే క్రమం కూడా ఈసారి తొందరపడలేదు. కొత్త పైపు వేసి నీళ్లు వస్తున్నాయని చూశాకే పాత పైపు కోస్తాం కదా. ముందు మెయిన్‌లోనూ మూడు రిలీజ్ బ్రాంచ్‌లలోనూ గేట్‌ని చేర్చాం, పాత చెక్‌లు అలాగే తప్పనిసరిగా ఉంచాం. రెండు వారాలు ఆగాం. ఆ రెండు వారాల్లో ఓపెన్‌లో ఉన్న పీఆర్‌లని రోజుకి ఆరేడు చొప్పున మూసి తెరిచి గేట్ ఫలితం వచ్చేలా చేశాం. కాన్‌ఫ్లిక్ట్ ఉన్న 11 మంది ఓనర్లతో పక్కన కూర్చుని మాట్లాడాం. ఆ తర్వాతే తప్పనిసరి లిస్టులో పాతవి తీసి గేట్ పెట్టాం. అదే సమయంలో పుష్ ట్రిగ్గర్‌ని మెయిన్‌కీ రిలీజ్ బ్రాంచ్‌లకీ మాత్రమే పరిమితం చేశాం, కాబట్టి కొత్త బ్రాంచ్‌లకి రెండేసి రన్‌ల బాధ లేదు.

కోడ్‌తో పాటు ఏది ఉండాలి, ఏది ఉండకూడదు

ఇక నాలుగు వందల లైన్ల సంగతి. వాటిని విడిగా ఒక రెపోలోకి తీసుకెళ్లి, ఇతర వర్క్‌ఫ్లోలు పిలిచి వాడుకునే రీయూజబుల్ వర్క్‌ఫ్లోగా మార్చాం. ప్రతి బ్రాంచ్‌లో మిగిలింది పదిహేను లైన్ల పల్చటి ఫైల్, "ఫలానా చోట ఉన్న ఒకటో వెర్షన్‌ని పిలువు" అని మాత్రమే చెబుతుంది. శుభలేఖ మీద మండపం అడ్రస్‌కి బదులు ఒక ఫోన్ నంబర్ వేసినట్టు. రేపు ఇంకో యాక్షన్ వెర్షన్ పోయినా మార్చేది ఒక్క చోటే, ఏడాది పాత బ్రాంచ్‌కి కూడా ఆ మార్పు అందుతుంది.

అంతా అక్కడికి తరలించిన మర్నాడే ఒక రిలీజ్ బ్రాంచ్ పగిలింది. కేంద్ర ఫైల్‌లో జావా 17 అని రాశాం, ఆ బ్రాంచ్ ఇంకా జావా 11. ఇక్కడే నా అభిప్రాయం స్థిరపడింది. కోడ్ కంపైల్ కావడానికి ఏం కావాలో, ఏ జావా, ఏ లైబ్రరీ వెర్షన్, అది కోడ్ స్వభావం, కోడ్‌తోనే బ్రాంచ్‌లో ఉండాలి. ఏ రన్నర్ (జాబ్‌లని నడిపే మెషీన్) మీద నడుస్తుంది, రిపోర్ట్ ఎలా అప్‌లోడ్ అవుతుంది, ఎవరికి కబురు వెళుతుంది, సీక్రెట్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఇవి బయటి ప్రపంచంతో పని, ప్రపంచం మారినప్పుడల్లా మారాలి, వీటిని బ్రాంచ్‌లో గడ్డకట్టించకూడదు. జావా వెర్షన్‌ని ప్రతి బ్రాంచ్‌లో ఒక చిన్న ఫైల్‌లో రాశాం, జావాని సెటప్ చేసే యాక్షన్ ఆ ఫైల్ చదువుకుంటుంది. ఈ విభజన సరిగా చేయకుండా అంతా ఒకే చోటికి లాగేస్తే, పాత కాపీల సమస్య పోయి, ఒక్క మార్పుతో అన్ని బ్రాంచ్‌లూ ఒకేసారి పగిలే సమస్య వస్తుంది.

కదిలే ట్యాగ్‌ని (కమిట్‌కి తగిలించే పేరు, దాన్ని ఇంకో కమిట్ వైపు తిప్పొచ్చు) నమ్మొచ్చా అని మాలో పెద్ద చర్చ జరిగింది, అది జరుగుతుండగానే మార్చి మధ్యలో టీజే యాక్షన్స్ వాళ్ల చేంజ్డ్ ఫైల్స్ యాక్షన్ మీద దాడి జరిగింది. దాడి చేసినవాళ్లు దాని వెర్షన్ ట్యాగ్‌లని హానికరమైన కమిట్ వైపు తిప్పేశారు, అది నడిచిన చోట సీక్రెట్లు బిల్డ్ లాగ్‌లలో బయటపడ్డాయి. మెయిన్‌లో వెతికితే ఆ యాక్షన్ లేదు, ఎప్పుడో తీసేశాం. ఊపిరి పీల్చుకోబోతూ, ఆగి, రిమోట్ బ్రాంచ్‌లన్నింటిలో గిట్ గ్రెప్ కొట్టి చూశాను. నాలుగు పాత బ్రాంచ్‌లలో ఉంది. అదృష్టం, ఆ రోజుల్లో వాటికి ఎవరూ పుష్ చేయలేదు. సెక్యూరిటీ వార్త వచ్చినప్పుడు మెయిన్ ఒక్కటే చూసి సరే అనుకునేవాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది ఇదే. పుష్ ట్రిగ్గర్ ఉన్న పాత బ్రాంచ్‌లో ఉన్న ఫైల్ బతికున్న ఫైలే. ఆ తర్వాత నిర్ణయం సులభమైంది. బయటివాళ్ల యాక్షన్లన్నీ పూర్తి కమిట్ హ్యాష్‌తో (ఆ కమిట్‌కే చెందిన, మారని గుర్తింపు) కేంద్ర ఫైల్‌లో మాత్రమే ఉంటాయి, మా సొంత రెపో ట్యాగ్ ఒక్కటే కదులుతుంది, దాన్ని కదిలించే హక్కు ఇద్దరికే.

ఏప్రిల్ 15

ఉబుంటు 20.04 రన్నర్‌ని 2025 ఏప్రిల్ 15న తీసేస్తామని గిట్‌హబ్ ముందే చెప్పింది. మార్చి నుంచే కొన్ని రోజుల్లో కొన్ని గంటల పాటు ఆ జాబ్‌లని కావాలనే ఫెయిల్ చేస్తూ వచ్చింది, ఇంకా వాడుతున్నవాళ్లకి తెలియాలని. మా మార్పు పనిచేస్తుందో లేదో తేల్చేది ఇదేనని నాకు లోపల టెన్షన్‌గానే ఉంది. కేంద్ర ఫైల్‌లో రన్నర్ పేరుని 22.04కి మార్చాం, ఒకే లైను. మెయిన్, రెండు రిలీజ్ బ్రాంచ్‌లు, ఓపెన్ పీఆర్‌లు, అన్నీ మామూలుగా నడిచాయి. జనవరి చివర్లో మొదలై మూడు వారాలు తిన్న పని ఈసారి ఒక మధ్యాహ్నం.

మూడో రిలీజ్ బ్రాంచ్ మాత్రం నిలబడలేదు. అందులో ఉన్న సీ లైబ్రరీ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ ఎస్ఎస్ఎల్ 1.1 మీద లింక్ అయి ఉంది, ఉబుంటు 22.04లో ఉండేది ఓపెన్ ఎస్ఎస్ఎల్ 3. రన్నర్ అనేది బయటి ప్రపంచం అని గీత గీశాను కదా, ఈ బ్రాంచ్‌కి ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కోడ్ స్వభావంలో భాగమే. గీతని సవరించాం. పల్చటి ఫైల్ నుంచి కంటైనర్ ఇమేజ్ (రన్నర్ లోపల వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ వాతావరణం ఇచ్చే పెట్టె) పేరు కూడా పంపేలా చేసి, ఆ బ్రాంచ్‌ని 22.04 రన్నర్ మీద ఉబుంటు 20.04 కంటైనర్‌లో నడిపాం. ఇంకా పాతదైన 18.04 ఇమేజ్‌తో కూడా ఒకటి ప్రయత్నించాం, అది కుదరదు. అప్పటి యాక్షన్లు జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ 20 మీద నడిచేవి, దానికి సిస్టమ్‌లో ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 కావాలి, 18.04లో 2.27 ఉంది, 20.04లో 2.31. ఈ అంకెలు రాసి పెట్టుకోండి, లాగ్‌లో వచ్చే ఎర్రర్ చూస్తే ఏదో మన కోడ్ తప్పులా కనిపిస్తుంది.

వేరే టూల్ వాడేవాళ్లకి ఒక మాట. జెంకిన్స్ మల్టీబ్రాంచ్‌లో పీఆర్‌ని ఉన్నదున్నట్టు బిల్డ్ చేయాలా, టార్గెట్‌తో కలిపి చేయాలా అనేది మీరే ఎంచుకోవచ్చు, ఉమ్మడి స్టెప్‌లకి షేర్డ్ లైబ్రరీ ఉంది. గిట్‌ల్యాబ్‌లో మెర్జ్‌డ్ రిజల్ట్స్ పైప్‌లైన్ ఆన్ చేయకపోతే బ్రాంచ్‌లో ఉన్న ఫైలే నడుస్తుంది, ఉమ్మడి భాగాన్ని ఇంకో ప్రాజెక్ట్ నుంచి ఇన్‌క్లూడ్ చేసుకోవచ్చు. ఓపెన్‌స్టాక్ వాళ్లు తయారుచేసిన జూల్ అయితే ప్రతి మార్పునీ టార్గెట్ బ్రాంచ్‌తో కలిపాకే పరీక్షిస్తుంది, క్యూలో తన ముందున్నవి పాసవుతాయని ఊహించి వాటిని కూడా కలుపుతుంది. టూల్ ఏదైనా మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటే: నా పాత పీఆర్ ఈరోజు నడిస్తే ఎవరి ఫైల్ నడుస్తుంది?

ఆ అమ్మాయి పీఆర్ ఫిబ్రవరి 20న మెర్జ్ అయింది. ఆరు వారాల ముందే సిద్ధంగా ఉన్న కోడ్ అది, ఒక్క అక్షరం మారలేదు. ఆ మధ్యలో తను రెండుసార్లు "నేను మళ్లీ మొదటి నుంచి రాయనా అన్నా" అని అడిగింది, అది నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే ఇప్పుడు సీఐ మార్చేవాళ్లకి మా టీమ్‌లో ఒక పని తప్పనిసరి. మార్పు మెర్జ్ చేసిన రోజే ఓపెన్‌లో ఉన్న ప్రతి పీఆర్ కిందా, ఏం మారింది, మీరు ఏమీ చేయనక్కర్లేదా లేక ఫలానాది చేయాలా అని రెండు లైన్లు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయాలి. స్క్రిప్ట్ రాస్తే ఐదు నిమిషాల పని.

43లో 36 మెర్జ్ అయ్యాయి. ఆరింటిని ఓనర్లతో మాట్లాడి వాళ్ల ఇష్టంతోనే మూశాం. మిగిలిన ఒక్కటి కంపెనీ వదిలి వెళ్లిపోయిన ఒకతనిది, క్యాష్ లీక్‌ని సరిచేసే పదకొండు లైన్లు, చాలా శ్రద్ధగా రాసిన టెస్ట్‌తో సహా. అతని బ్రాంచ్ మరీ పాతది, కాన్‌ఫ్లిక్ట్‌లు ఎక్కువ. కొత్త బ్రాంచ్ తీసి ఆ కమిట్‌ని చెర్రీ పిక్ చేశాం (ఆ ఒక్క కమిట్‌నే తెచ్చి పెట్టాం), అలా చేస్తే ఆథర్‌గా రాసిన మనిషి పేరే ఉంటుంది. మే మొదటి వారంలో గేట్ గ్రీన్ అయింది. మెర్జ్ చేసి అతనికి వాట్సాప్‌లో లింక్ పంపాను.